తాగినన్నాళ్ళూ పప్పు పెట్టి, మానేశాక పథ్యం పెడితే ఎలా?



పోయిన నెలలో ఒక రోజు పొద్దున్నే దివిసీమ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. మన దగ్గర రెండు మూడుసార్లు పెసలు, పొట్టు మినపప్పు తెప్పించుకున్న మనిషే. ఆర్డర్ కోసం అనుకున్నా. కాదు.

"తమ్ముడూ, నీ వీడియో చూసి నాలుగు నెలల నుంచి మా ఆయనకి రోజూ మొలకలు పెడుతున్నా. రాత్రి క్వార్టర్ మాత్రం మానట్లేదు. అంతకుముందు రోజూ పోట్లాడేదాన్ని. లివర్‌కి ఏం కాదని నువ్వే చెప్పావుగా అని ఇప్పుడు పోట్లాడటం కూడా మానేశా. మరి కాళ్ళు వాస్తున్నాయేంటి?"

ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ పాత వీడియో తీసి మళ్ళీ చూశాను. "మందు తాగేవారి లివర్‌కి కవచం మన పెసలు" అని నేనే పెట్టిన టైటిల్. లోపల నేనే నవ్వుతూ, గిన్నె నిండా మొలకలు చూపిస్తూ చెబుతున్నాను. ఆ వీడియో పెట్టిన నెలలో పెసల ఆర్డర్లు మూడింతలయ్యాయి. అది కూడా దాచుకోకుండా చెప్పాలి.

ఆ వీడియో తీసేశాను. తీసేసి ఊరుకుంటే సరిపోదు. చూసినవాళ్ళు చూశారు, నమ్మినవాళ్ళు నమ్మారు. అందుకే ఈ వ్యాసం, పైన పెట్టిన కొత్త వీడియో. నేను డాక్టర్‌ని కాదు, వ్యవసాయ డిప్లొమా చదివిన రైతుని. డాక్టర్లతో మాట్లాడి, చదివి, ఇంట్లో కళ్ళారా చూసి అర్థం చేసుకున్నది చెబుతున్నాను.

నేను ఎక్కడ తప్పాను?

నేను ఆ వీడియోలో చెప్పింది గాలిలోంచి పుట్టించింది కాదు. 2013లో మలేషియా పరిశోధకులు మొలకెత్తించిన పెసలు, పులియబెట్టిన పెసల నుంచి తీసిన సారాన్ని చుంచెలుకలకు ఇచ్చి చూశారు. ఆల్కహాల్ వల్ల వాటి లివర్‌కి జరిగే నష్టం కొంత తగ్గిందని రాశారు. అది నిజమైన పరిశోధనే. కానీ అది చుంచెలుకల్లో జరిగింది. ఇచ్చింది సారం, మనం తినే గుప్పెడు మొలకలు కాదు. చూసింది కొద్దికాలం. పదిహేనేళ్ళుగా రోజూ క్వార్టర్ తాగుతున్న మనిషి సంగతి అందులో లేదు. కుండీలో ఒక మొక్క బతికిందని చూసి ఎకరం దిగుబడి చెప్పేస్తామా? నేను సరిగ్గా అదే చేశాను.

ఇంకో విషయం. మనం ప్రకృతి వ్యవసాయంలో పండించాం కాబట్టి మన పెసల్లో ప్రొటీన్ రెట్టింపు ఉంటుందని కూడా కొందరు చెబుతున్నారు. ఉండదు. ఎవరి పెసలైనా వంద గ్రాముల్లో 22 నుంచి 24 గ్రాముల వరకే. మన పంటలో ఉన్న గొప్ప ఏంటంటే పురుగుమందు కొట్టకపోవడం, మన నేల బాగుపడటం. ఆ గొప్ప చాలు. లేనిది తగిలించక్కర్లేదు.

లివర్‌లో జరిగేది ఏంటి?

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 42.8 శాతం. బరువులో చూస్తే దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాల్. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీర్ పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు తాగితే 40 గ్రాములు. మన లివర్ గంటకు కరిగించగలిగేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. అంటే రాత్రి తొమ్మిదింటికి ఒక క్వార్టర్ వేసుకుంటే, తెల్లవారుజామున కాలువ నీళ్ళు పెట్టుకోవడానికి లేచే వేళకి కూడా లివర్ ఆ పనిలోనే ఉంటుంది. మళ్ళీ రాత్రికి ఇంకో క్వార్టర్.

ఆ కరిగించే పనిలో లివర్ ఆల్కహాల్‌ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుస్తుంది. అది ఆల్కహాల్ కన్నా విషం. దాన్ని మళ్ళీ ఎసిటేట్‌గా మార్చి బయటికి పంపుతుంది. ఈ హడావిడిలో కొవ్వుని కరిగించే పని ఆగిపోతుంది, కొవ్వు లివర్‌లోనే పేరుకుంటుంది. దాన్నే ఫ్యాటీ లివర్ అంటారు. తాగుడు సాగితే వాపు వస్తుంది. వాపు మీద వాపు వచ్చి మచ్చలు కడుతుంది. చివరికి లివర్ గట్టిపడి గడ్డలు గడ్డలుగా మారుతుంది. అదే సిరోసిస్. మొదటి దశలో తాగుడు మానేస్తే లివర్ చాలావరకు తిరిగి మామూలవుతుంది. చివరి దశలో కట్టిన మచ్చ చాలావరకు అలాగే ఉండిపోతుంది, మానేస్తే మిగిలిన భాగమైనా నిలుస్తుంది.

ప్రొటీన్ సంగతి ఇక్కడే వస్తుంది. విషాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని లివర్ ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల నుంచే తయారు చేసుకుంటుంది. తాగేవాళ్ళలో అది తరిగిపోతుంది. "అయితే ప్రొటీన్ ఎక్కువ తింటే చాలుగా?" అని అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపించింది. మనకంటే ముందు చాలా పెద్దవాళ్ళకే అలా అనిపించింది.

ఈ వాదన 75 ఏళ్ళ క్రితం నాటిది

ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన చార్లెస్ బెస్ట్, తన తోటి శాస్త్రవేత్తలతో కలిసి 1949లో ఇదే చెప్పారు. తాగుబోతుల లివర్ చెడేది ఆల్కహాల్ విషం వల్ల కాదు, వాళ్ళు సరిగ్గా తినకపోవడం వల్ల అని. ఎలుకలకు కోలిన్ లాంటి పోషకాలు, మంచి తిండి ఇస్తే లివర్ బాగుందని చూపించారు. చాలా ఏళ్ళు డాక్టర్లు కూడా అదే నమ్మారు.

తర్వాత న్యూయార్క్‌లో చార్లెస్ లీబర్ అనే డాక్టర్ దాన్ని వదిలిపెట్టలేదు. 1968లో ఇమాన్యుయేల్ రూబిన్‌తో కలిసి ఒక పరిశోధన ప్రచురించాడు. తాగుడు అలవాటు లేని, తమ ఇష్టంతో వచ్చిన మనుషులకు ప్రొటీన్ బాగా ఉన్న, కొవ్వు తక్కువ ఉన్న తిండి పెడుతూ ఆల్కహాల్ ఇచ్చి చూశారు. అయినా లివర్‌లో కొవ్వు పేరుకుంది. 1970ల మధ్యలో బబూన్ కోతులకు చాలినంత పోషకాహారంతో పాటే ఏళ్ళ తరబడి ఆల్కహాల్ ఇచ్చారు. కొవ్వు చేరింది, వాపు వచ్చింది, కొన్నింటికి సిరోసిస్ కూడా వచ్చింది. తిండిలో లోటు లేకపోయినా వచ్చింది.

అంటే తిండి సరిగ్గా లేకపోతే తాగేవాడి పరిస్థితి ఇంకా తొందరగా దిగజారుతుంది. కానీ తిండి బాగున్నంత మాత్రాన మందు లివర్‌ని వదిలిపెట్టదు.

దివిసీమ రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పోటు వచ్చి ఉప్పునీరు చేలోకి ఎక్కుతుంటే ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోస్తే ఏం లాభం? ముందు గండి పూడ్చాలి. తర్వాత మంచినీళ్ళు పెట్టి ఉప్పు కడగాలి. ఆ తర్వాత జీలుగ చల్లి కలియదున్ని, జీవామృతం ఇస్తే నేల తిరిగి లేస్తుంది. జీవామృతం మంచిది కాదని ఎవరూ అనరు. దానికి ఒక వరుస ఉంది. ప్రొటీన్‌కీ అంతే.

"కల్లు ప్రకృతి సిద్ధం కదా?"

మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళలోనే ఈ మాట ఎక్కువ వింటున్నాను. చెట్టు నుంచి దించిందే కదా, కెమికల్ లేదు కదా అని. కల్తీ లేని తాటికల్లులో కూడా సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ ఉంటుంది. లీటరు తాగితే సుమారు 40 గ్రాములు లోపలికి పోతుంది. ఒక స్ట్రాంగ్ బీర్‌తో సమానం. అది తాటిచెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని లివర్ చూడదు. మద్యం విషయంలో ఇంత వరకు క్షేమం అని చెప్పగలిగే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. చేలో మందు కొట్టడం మానేశామని గర్వంగా చెప్పుకునే మనం, ఒంట్లో పోసుకునే మందుకి "నేచురల్" అని పేరు పెట్టుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మా మావయ్య కథ

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అమ్మ తమ్ముడు నాగాయలంక వైపు ఉంటాడు. ఏళ్ళ తరబడి రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. చలికి, నిద్రకి అని మొదలైన మందు రోజూ క్వార్టర్‌కి వచ్చింది. తిండికి మాత్రం ఏనాడూ లోటు లేదు. చెరువు మీద రొయ్యలు, కాలువలో చేప, ఇంట్లో నాటుకోడి గుడ్లు. ఎవరైనా మందు మానమంటే, "అల్లుడూ, తిండి లేనివాణ్ణి మందు తింటుందిరా. నేను తింటున్నానుగా!" అనేవాడు. నేను ఆ వీడియోలో చెప్పింది, ఆలోచిస్తే, మా మావయ్య మాటే.

మూడేళ్ళ క్రితం కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. భయపడి మందు మానేశాడు. అక్కడిదాకా మంచిదే. అప్పుడు ఇంట్లో అందరం కలిసి పథ్యం మొదలుపెట్టాం. పచ్చకామెర్లకి మన వైపు పథ్యం తెలిసిందే కదా: మజ్జిగన్నం, చప్పిడి కూర, అంతే. పప్పు వేడి, గుడ్డు వేడి, చేప అసలు వద్దు, నూనె చుక్క వద్దు. పైగా ఎవరో చెప్పారని పసరు. నలభై రోజులు అలా గడిచాయి. పచ్చదనం కొంచెం తగ్గినట్టే ఉంది, మనిషి మాత్రం కరిగిపోయాడు. భుజాల మీద కండ పోయి ఎముక తేలింది. కూర్చున్నవాడు లేవలేకపోయాడు. పొట్ట మాత్రం అలాగే ఉంది.

విజయవాడలో లివర్ డాక్టర్‌కి చూపిస్తే ఆయన మొదట అడిగింది, "ఏం తింటున్నాడు?" అని. అత్తయ్య చాలా శ్రద్ధగా పథ్యం అంతా చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. "తాగినన్నాళ్ళూ బాగా పెట్టారు, మానేశాక ఆపేశారు. తలకిందులు చేశారమ్మా" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

మానేసినవాడికి ప్రొటీన్ ఎందుకు కావాలి?

లివర్ బాగున్న మనిషిలో రాత్రంతా పస్తుకి సరిపడా చక్కెర నిల్వ లివర్‌లో ఉంటుంది. సిరోసిస్ వచ్చినవాడికి ఆ నిల్వ చాలదు. ఒక్క రాత్రి పస్తు అతనికి మనకి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. అప్పుడు శరీరం కండనే కరిగించి వాడుకుంటుంది. కండ పోతే ఇన్ఫెక్షన్లు తట్టుకోలేడు, పడిపోతాడు, కోలుకోడు.

అందుకే యూరప్‌లోని పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ సిరోసిస్ రోగులకు కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వమంటుంది. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతుడికి చెప్పేది కిలోకి 0.83 గ్రాములే. అంటే లివర్ రోగికి మామూలు మనిషికన్నా ఎక్కువ కావాలి. మనం పథ్యం పేరుతో ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా ప్రొటీన్ తగ్గించమనేవాళ్ళు. లివర్ చెడినవాళ్ళలో కొందరికి మతి తప్పినట్టు అవుతుంది, అది ప్రొటీన్ వల్ల పెరుగుతుందని భయం. 2004లో స్పెయిన్‌లోని బార్సిలోనా డాక్టర్లు అలాంటి రోగుల్లో పరీక్షించి, మామూలుగా ప్రొటీన్ ఇచ్చినా ఇబ్బంది లేదని చూపించారు. అలాంటివాళ్ళకి మాంసం కన్నా పప్పులు, పాలు, పెరుగు నుంచి వచ్చే ప్రొటీన్ బాగా పడుతుందని కూడా వైద్యులు చెబుతారు. మన పప్పులకి నిజమైన చోటు ఇదీ. తాగేవాడి గ్లాసు పక్కన కాదు, మానేసినవాడి కంచంలో.

ఒక రోజు కంచం

60 కిలోల మనిషికి రోజుకి 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన డెల్టా తిండితోనే ఎలా వస్తుందో వీడియోలో తూకం వేసి చూపించాను. ఇక్కడ లెక్క:

- పొద్దున పెసరట్లు, 50 గ్రాముల పెసలతో: 12 గ్రాములు
- మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నం: 12 గ్రాములు
- 40 గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పు: 9 గ్రాములు
- 100 గ్రాముల మంచినీటి చేప: 18 గ్రాములు
- సాయంత్రం 30 గ్రాముల బొబ్బర్లు లేదా శనగల గుగ్గిళ్ళు: 7 గ్రాములు
- రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నం: 8 గ్రాములు
- ఒక గుడ్డు: 6 గ్రాములు
- ఒక కప్పు పెరుగు: 5 గ్రాములు
- పడుకోబోయే ముందు గ్లాసు పాలు: 6 గ్రాములు

మొత్తం 83 గ్రాములు. పొడులు, డబ్బాలు ఏమీ అక్కర్లేదు. చేప తినని ఇంట్లో ఇంకో పూట పప్పు, పెరుగు పెంచుకోవచ్చు. పడుకోబోయే ముందు ఆ గ్లాసు పాలు, ఒక సున్నుండ మాత్రం మర్చిపోవద్దు. రాత్రి పస్తు తగ్గించేది అదే. షుగర్ ఉన్నవాళ్ళు సున్నుండ బదులు గుగ్గిళ్ళు తినొచ్చు. కిడ్నీ సమస్య కూడా ఉంటే ఈ లెక్క పనికిరాదు, డాక్టర్ చెప్పినట్టే చేయాలి.

మూడు జాగ్రత్తలు చెప్పాలి.

ఒకటి, ఉప్పు. పొట్టలో నీరు చేరినవాడికి ఉప్పు తగ్గించాల్సిందే. మన పథ్యంలో చప్పిడి అన్నమాట వరకు సగం సరైనదే, పప్పు ఆపడమే తప్పు. బందరు, నాగాయలంక వైపు ఎండుచేప, ఎండురొయ్య ప్రొటీన్‌కి పెట్టింది పేరు. కానీ వాటి నిండా ఉప్పే. పొట్ట నీరు ఉన్నవాడికి ఎండుచేప, ఊరగాయ, అప్పడం వద్దు.

రెండు, బూజు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది నేరుగా లివర్‌ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. మందులు వాడలేదు కదా అని తడి ఆరకుండా బస్తాలకెత్తితే మనం అమ్మేది ఆరోగ్యం కాదు. ఎండబెట్టడం, నిల్వ చేయడం కూడా ప్రకృతి వ్యవసాయంలో భాగమే.

మూడు, పసరు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ మాటతో విభేదించింది. ఆ వాదన ఎలా ఉన్నా, అప్పటికే చెడిన లివర్ మీద ఏం కలిపారో తెలియని పసరు పోయడం మాత్రం ప్రమాదం. మనం చేలో కషాయం కొట్టేటప్పుడు కూడా పాళ్ళు చూస్తాం కదా!

మనం రైతులుగా చేయగలిగింది

మొదటిది, ప్యాకెట్ మీద రాత. "లివర్‌కి మంచిది", "లివర్ కవచం", "కామెర్లకి మందు" అని రాసుకుని అమ్ముతున్న మిత్రులు చాలామందే ఉన్నారు. ఆహార పదార్థం రోగాన్ని నివారిస్తుందనీ, నయం చేస్తుందనీ ప్రచారం చేయడానికి 2018 నాటి ఆహార ప్రచార నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదారి పట్టించే ప్రకటనకి 2006 చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా. అయినా నేను జరిమానా గురించి చెప్పడం లేదు. ఆ అక్క పోట్లాడటం మానేసింది చూశారా, దాని గురించి చెబుతున్నాను. ఆ ఇంట్లో అతనికి ఉన్న ఒకే ఒక్క అడ్డు ఆమె. నా వీడియో ఆ అడ్డు తీసేసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ళకి ఎవరూ గ్లూటాథయోన్ గురించి చెప్పలేదు. ఇంట్లో మనిషి ఏమైపోతున్నాడో వాళ్ళకి తెలుసు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్ళింది ఆ పోరాటం. 1997లో మద్య నిషేధం సడలించేశారు. ప్రభుత్వాలు, పాలసీలు మారుతూనే ఉంటాయి. ఇంట్లో అడ్డు చెప్పే మనిషి మాత్రం ఉండాలి. ఆ మనిషి నోరు మూయించే సరుకు మనం అమ్మకూడదు.

రెండోది కొంచెం చేదుగా ఉంటుంది. కోతలకి, బస్తాల మోతకి ముఠా వచ్చినప్పుడు కూలికి తోడు క్వార్టర్ ఇవ్వడం మన వైపు మామూలైపోయింది. గుడివాడ వైపు అయినా, బందరు వైపు అయినా ఇదే లెక్క. నేనూ ఇచ్చాను. ఇవ్వకపోతే రారని భయం. పోయిన రెండు సీజన్ల నుంచి మానేశాను. ఆ డబ్బు కూలిలోనే కలిపి వాళ్ళ చేతికి ఇస్తున్నాను. పొలంలో పది గంటలకి రెండేసి గుడ్లు, గుగ్గిళ్ళు పెడుతున్నాను. మొదటి ఏడాది ఒక ముఠా రాలేదు, ధాన్యం రెండు రోజులు కళ్ళంలో ఉండిపోయింది. వాన భయంతో నిద్రలేదు. రెండో ఏడు వచ్చారు. వాళ్ళలో తాగడం ఎవరైనా మానేశారా అంటే, నాకు తెలిసి లేదు. కానీ నా చేత్తో పోయడం లేదు. ఊళ్ళో పదిమంది రైతులం కలిసి ఒకే మాట మీద ఉంటే ఈ అలవాటు పోతుంది. ఒక్కడి వల్ల కాదు.

మూడోది, మన మాగాణి మినుము. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే ఎకరాకి 16 నుంచి 18 కిలోలు మినుములు చల్లి, మిగిలిన తేమతో, మంచుతో పంట తీసుకోవడం కృష్ణా డెల్టాకి అబ్బిన విద్య. కోత మిషన్లు, పల్లాకు తెగులు వచ్చాక చాలామంది వదిలేశారు. డబ్బు లెక్కలో మొక్కజొన్న గెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ కనీసం ఇంటికి సరిపడా అరెకరంలోనైనా మినుము, గట్ల మీద కంది, పెరట్లో బొబ్బర చిక్కుడు ఉంచుకుందాం. పప్పు కొనుక్కోవాల్సి వచ్చిన రైతు ఇంట్లోనే ముందుగా తగ్గేది పప్పు. తాగేవాడున్న ఇంట్లో అయితే ఆ డబ్బు ఎటు పోతుందో తెలిసిందే. పిల్లల కంచంలో పప్పు ఉండాలంటే అది కొట్టు నుంచి కాదు, గాదె నుంచి రావాలి.

మానాలనుకునేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లోనే ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం జరగొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. కాబట్టి డాక్టర్ చూస్తుండగా మానాలి. డీఅడిక్షన్ కోసం 14446, మానసిక సహాయం కోసం టెలిమానస్ 14416 ఉచిత నంబర్లు. కళ్ళు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, కాళ్ళ వాపు, రక్తం కక్కడం, నల్లటి విరేచనం, మాట తడబడటం, పగలు నిద్ర రాత్రి మెలకువ కనిపిస్తే పథ్యం కాదు, ఆస్పత్రి. ఏ లక్షణమూ లేకపోయినా రోజూ తాగేవాళ్ళు ఏడాదికోసారి లివర్ ఫంక్షన్ టెస్ట్, అల్ట్రాసౌండ్ చేయించుకోండి. చాలా దూరం వెళ్ళేదాకా లివర్ నొప్పి అని చెప్పదు.

మా మావయ్య ఇప్పుడు మందు ముట్టడు. కంచం మారాక ఆరు నెలలకి భుజాల మీద కొంచెం కండ వచ్చింది. మినుము పీకే రోజుల్లో చేలోకి వచ్చి గట్టు మీద కూర్చుని అందరినీ అజమాయిషీ చేస్తాడు. గట్టిపడిన లివర్ గట్టిపడినట్టే ఉంది, మూడు నెలలకోసారి పరీక్షలు తప్పవు. పప్పు అతన్ని నయం చేసిందని నేను చెప్పను. మందు మానడం అతన్ని ఆపింది, డాక్టర్ నడిపించాడు, తిండి నిలబెట్టింది.

ఆ దివిసీమ అక్క మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారట, పొట్టలో నీరు ఉందట. "అయితే ఇప్పుడు మొలకలు పెట్టనా వద్దా తమ్ముడూ?" అని అడిగింది. పచ్చివి కాకుండా ఉడకబెట్టి, ఉప్పు లేకుండా, డాక్టర్‌ని అడిగి పెట్టమన్నాను. మందు విషయంలో మాత్రం మళ్ళీ పోట్లాడు అక్కా అన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నీ పెసలకి డబ్బులు పంపాలి కదా" అంది. వద్దన్నాను.

మీ ఇళ్ళల్లో, మీ పొలాల్లో ఇలాంటి అనుభవాలు ఉంటే రాయండి. నేను చెప్పినదాంట్లో తప్పు కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి. ఈసారి వింటాను.